పసిపాప గదిలో కెమెరా అమర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు చూడవలసింది కెమెరా తీగ; అది బిడ్డ మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. కెమెరాను తొట్టి కమ్మీలకు కట్టకుండా, తీగతో సహా కనీసం 3 అడుగుల ఎడంగా గోడకు బిగించి, వేలాడే భాగాన్ని క్లిప్పులతో గోడ వెంబడి అదిమి ఉంచాలి. నిన్న అందని తీగ, నిలబడడం నేర్చిన బిడ్డకు నేడు అందుతుంది కాబట్టి ఈ దూరాన్ని అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. చీర ఉయ్యాల వాడే ఇళ్లలో అయితే అది ఊగి చేరే చివరి అంచు నుంచే కొలవాలి.

రాత్రి దీపాలు ఆర్పి, దోమతెర దించి ఒకసారి పరీక్షించాలి. తెర కెమెరాకు మరీ దగ్గరగా ఉంటే, చీకట్లో చూడడానికి కెమెరా వెదజల్లే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని) వెలుగు దాని మీదే పడి, చిత్రం తెల్లగా అలుక్కుపోతుంది.

వైఫై కెమెరా అయితే, దానితో వచ్చిన పాస్‌వర్డ్‌ను వాడకానికి ముందే మార్చాలి. ఊళ్లోని అమ్మమ్మా తాతయ్యలకు చూపించదలిస్తే, మన లాగిన్ వివరాలను వాట్సాప్‌లో పంపడం కంటే యాప్‌లో వారికి వేరుగా అనుమతి ఇవ్వడం మేలు. సెకండ్ హ్యాండ్ కెమెరాను ఫ్యాక్టరీ రీసెట్ (పాత సెట్టింగులన్నీ చెరిపివేయడం) చేయనిదే వాడకూడదు.

కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది. దానికి ఇన్వర్టర్ సరఫరా లేని ఇంట్లో, ఫోనులో నిలిచిపోయిన చివరి చిత్రాన్ని చూసి పాప నిద్రపోతోందని పొరబడే వీలుంది.