సోఫా దిండ్ల అలంకరణ, 4వ పాఠం: మూలలు ఎందుకు వాలిపోతున్నాయి?

గత పాఠంలో సైజులు చెప్పుకున్నాం కాబట్టి ఈసారి నేరుగా అమరికలోకి వెళ్లాలి. కానీ కొలత దగ్గరే చాలామందికి బెడిసికొట్టింది. కొందరి కవర్ల మూలలు ఖాళీగా వాలిపోతున్నాయి. ఇంకొందరికి జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతోంది, బలవంతంగా లాగితే పళ్లు విడిపోతున్నాయి. ఒకరిది వదులు, ఇంకొకరిది బిగుతు, కారణం మాత్రం ఒక్కటే. నిండుగా ఉబ్బి ఉన్న దిండు మీద టేపు పెట్టి కొలిచారు.

దిండు నిండితే గుడ్డ పైకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు కావలసిన గుడ్డ పక్కల నుంచే రావాలి. అందుకే 18 అంగుళాల కవరులో దిండు పెట్టి అడ్డంగా, తిన్నగా కొలిస్తే 15, 16 అంగుళాలే వస్తుంది. ఆ 16 చూసి 16 అంగుళాల కవరు తెచ్చినవారికి జిప్పు పట్టలేదు. అదే 16 చూసి పాత కవరులోకి 16 అంగుళాల లోపలి దిండు తెచ్చినవారికి మూలలు వాలాయి.

కవరు విప్పి, తిరగేసి, బల్ల మీద చదునుగా పరిచి, కుట్టు నుంచి కుట్టుకు కొలవండి. పైపింగ్ (అంచు కుట్టు వెంట తాడులా ఉబ్బెత్తుగా కుట్టే పట్టీ) ఉంటే దాన్ని లెక్కలో కలపకండి. కొత్త నూలు కవరైతే ఒకసారి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలవండి. నూలు గుడ్డ తొలి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోవచ్చు. 18 అంగుళాల కవరుకు అది అర అంగుళం పైమాటే.

ఇప్పుడు అసలు చిక్కు. కవరు ఎంతో లోపలి దిండూ అంతే ఉండాలనుకోవడం అన్నిటికంటే మొండి పొరపాటు. అది పెట్టెకు మూత కొన్నట్టు కాదు. కవరు బిగువుగా నిలవాలంటే లోపలున్నది దాన్ని బయటికి తోస్తూ ఉండాలి. ఈకలు నింపిన దిండు రోజూ నలిగి కుంగుతుంది కాబట్టి కవరు కంటే 2 అంగుళాలు పెద్దది కావాలి. 18కి 20, 20కి 22. దట్టంగా నింపిన పాలియెస్టర్ ఫైబర్‌కు 1 అంగుళం చాలు, పలుచగా నింపిందైతే 2. నడుము దగ్గర పెట్టే 12×20 కవరుకు 13×21. ఫోమ్ నలగదు, దానికి కవరు సైజే సరిపోతుంది. పెద్దదైతే ఇంకా బాగుంటుందని 4 అంగుళాలు పెంచకండి. లోపల మడతపడి గడ్డలు తేలతాయి, దిండు గుండ్రమై సీటు మీద నుంచి ముందుకు దొర్లుతుంది.

తొడిగేటప్పుడు దిండును మధ్యకు మడిచి, జిప్పుకు ఎదుటి మూలల్లోకి ముందు తొయ్యండి. బయటి నుంచి ఆ రెండు మూలలూ పట్టుకుని విదిలించండి. మిగతా రెండూ ఆ తర్వాత. జిప్పు ఎప్పుడూ కిందికి.

సైజు సరిగ్గా ఉన్నా మూలలు కొమ్ముల్లా పొడుచుకొస్తే లోపం కుట్టులో ఉంది. కవరు తిరగేసి, ప్రతి మూల దగ్గర కొసకు అర అంగుళం లోపలికి చుక్క పెట్టండి. 20 అంగుళాల కవరైతే మూలకు 5 అంగుళాల దూరంలో రెండు అంచుల మీదా గుర్తు పెట్టి, అక్కడి నుంచి చుక్క దాకా ఏటవాలు గీత గీసి, దాని మీదే కుట్టండి. పావు అంగుళం వదిలి మిగతా గుడ్డ కత్తిరించండి. చారలు, గళ్ల గుడ్డకు ఇది చేయొద్దు, అంచు దగ్గర గీత తెగి వంకర బయటపడుతుంది.

అమరిక క్లుప్తంగా. ఏడడుగుల సోఫాకు ఐదు దిండ్లు చాలు: రెండు చివర్లా 22 అంగుళాలవి, వాటి ముందు 18వి, ఒక పక్కకు 12×20 ఒకటి. ఆ పొడుగు దిండును అచ్చంగా మధ్యలో పెట్టడం నాకు నచ్చదు, సోఫా ప్రదర్శనకు పెట్టినట్టుంటుంది. దిండు సోఫా వీపు కంటే 2 అంగుళాలకు మించి పైకి లేవకూడదు. సీటు లోతు కూడా చూసుకోండి. నిండు దిండు 5, 6 అంగుళాలు తినేస్తుంది, 21 అంగుళాల సీటులో మనిషికి మిగిలేది 15, 16. అలాంటి సోఫాకు ముందు వరుస వద్దు, చివర్లవి చాలు. దిండు నెత్తిన చేత్తో కొట్టి లోయ తేవడం ఈకల దిండ్లకే పనికొస్తుంది. ఫైబర్ వెంటనే లేచిపోతుంది, ఫోమ్‌కు అసలు పడదు.

అభ్యాసం ఓపిక అడుగుతుంది. ఇంట్లో ఉన్న కవర్లన్నీ విప్పి, చదునుగా కొలిచి, సైజూ లోపలి సరుకూ కాగితం మీద రాయండి. తర్వాత పాత వార్తాపత్రికల్ని 20, 18, 16 అంగుళాల చదరాలుగా కత్తిరించండి. 22, 20, 18 కవర్లు నిండాక దాదాపు ఆ మేరకే కనిపిస్తాయి. వాటిని పేపర్ టేపుతో సోఫా వీపుకు అంటించి, మూడు రకాల అమరికలు చేసి, ఒక్కోదాన్నీ గుమ్మంలో నిలబడి ఫొటో తీయండి. నచ్చిన అమరికలో అసలు దిండ్లు పెట్టి, ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం కూర్చుని లేచాక మళ్లీ ఫొటో తీయండి. కిందపడినవి ఏవో, ఎవరైనా ఒడిలోకి లాక్కున్నవి ఏవో గుర్తు పెట్టుకోండి. కొత్త కవర్లు మాత్రం ఇప్పుడే కొనకండి. వచ్చే పాఠంలో ప్రింట్లను ఈ ఫొటోల మీదే ఎంచుకుంటాం.