పాత పికప్ బండికి కూలెంట్: డబ్బా రంగు చూసి మోసపోకండి

ఎండలు ముదిరాక నల్గొండ జిల్లాలో నార్కట్‌పల్లి, చిట్యాల మధ్య హైవే పక్కన బానెట్ ఎత్తిపెట్టిన పికప్ ఒకటైనా కనిపించని రోజుండదు. డ్రైవర్ చేతిలో రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, అందులో ఏ హోటల్ ట్యాంకు దగ్గరో పట్టుకొచ్చిన బోరు నీళ్లు. పదకొండేళ్లుగా బత్తాయి లోడుతో ఈ దారిలో తిరుగుతున్నాను. ఒకప్పుడు ఆ సీసా పట్టుకుని నిలబడింది నేనే. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద లీకు కాకుండా ఆపే పొర) పోయి, లోడు మొత్తం ఇంకో బండికి ఎక్కించి, మార్కెట్‌కి మధ్యాహ్నం చేరాక బుద్ధొచ్చింది. ఇక్కడ చెప్పేది పదిహేనేళ్లు దాటిన డీజిల్ పికప్‌ల సంగతి. కొత్త బండి ఉన్నవాళ్లు కంపెనీ పుస్తకంలో రాసింది పోసుకుంటే చాలు.

"మనకేమన్నా మంచు కురుస్తదా అన్నా, కూలెంట్ ఎందుకు?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కూలెంట్ అంటే రేడియేటర్ నీళ్లలో కలిపే మందు. నీళ్లు గడ్డకట్టకుండా కాపాడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపి రేడియేటర్‌కి మంచి క్యాప్ బిగిస్తే 125 డిగ్రీలు దాటినా మరగదు. లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా, వాటర్ పంపు సీలు ఎండిపోకుండా చూసేదీ అదే. మే నెలలో 44 డిగ్రీల ఎండకు, టన్నున్నర లోడుకు ఉత్త నీళ్లు సరిపోవు.

కావలసినవి

కాన్సంట్రేట్ కూలెంట్ (నీళ్లు కలపని చిక్కటిది), పదిహేను లీటర్ల డిస్టిల్డ్ వాటర్, పెద్ద టబ్బు, లీటరు గీతలున్న డబ్బా, స్క్రూడ్రైవర్, గుడ్డలు. పదేళ్ల నాటి క్యాప్ అయితే కొత్తది కొనండి. రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మేది) మాత్రం కొనకండి, ఎందుకో కింద చెబుతాను.

రేడియేటర్‌ని చూడండి

పైన, కింద ట్యాంకులు లోహంవై, అతుకుల దగ్గర టంకం కనిపిస్తే అది రాగి, ఇత్తడి రేడియేటర్. నల్ల ప్లాస్టిక్ ట్యాంకులుంటే అల్యూమినియంది. రాగి రేడియేటర్ ఉన్న పాత బండికి పాతరకం కూలెంటే పోయాలి. దాన్ని ఐఏటీ అంటారు, సిలికేట్ల లాంటి రసాయనాలు కలిపి చేస్తారు. ఐదేళ్లు నడుస్తుందని చెప్పి అమ్మే ఓఏటీ అనే కొత్తరకం కొత్త అల్యూమినియం ఇంజన్లకు బాగుంటుంది. పాత టంకం అతుకులకు, పాత గ్యాస్కెట్లకు అది పడదు. అల్యూమినియం రేడియేటర్‌కి మార్పించుకున్నా, ఇంజన్ పాతదే కాబట్టి నేను పాతరకమే పోస్తాను, మీరూ అదే పోయండి.

ఇక రంగు. ఆకుపచ్చ అంటే పాతరకం, ఎరుపు అంటే కొత్తరకం అని షాపులో గట్టిగా చెబుతారు. రంగుకు ఏ నియమమూ లేదు, ఎవరికి నచ్చిన రంగు వాళ్లు కలుపుతారు. ఆకుపచ్చ డబ్బాలో ఓఏటీ ఉండటం నేను చాలాసార్లు చూశాను. డబ్బా వెనక్కి తిప్పి రకం పేరు చదవండి. కూలెంట్‌కి మన దేశ ప్రమాణం ఐఎస్ 5759 గానీ, జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234 గానీ రాసి ఉందో లేదో చూడండి. రకమూ రాయక, ప్రమాణమూ రాయక, 'సూపర్ కూల్' అని మంచుకొండ బొమ్మ వేసిన డబ్బా అయితే అక్కడే వదిలేయండి. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు గంజిలా చిక్కబడి గొట్టాలు మూసుకుపోతాయి. ఇంతకుముందు ఏం పోశారో తెలియకపోతే మొత్తం తీసేయడమే దారి.

ఏ నీళ్లు కలపాలి

నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్‌ని తినేది మాత్రం నీళ్లలోని సున్నం, ఉప్పు. బోరు నీళ్లు కాచే బిందె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది కదా, గోటితో గీకినా రాదు. అదే పెచ్చు రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ కడుతుంది. భగీరథ నల్లా నీళ్లు తాగడానికి మంచివే, రేడియేటర్‌కి అవీ వద్దు.

డిస్టిల్డ్ వాటర్ పేరుతో అమ్మేవన్నీ డిస్టిల్డ్ కాదు. ఒక స్టీలు గిన్నెలో గ్లాసెడు పోసి, చివరి చుక్క ఇగిరేదాకా సన్న సెగ మీద ఉంచండి. గిన్నె అడుగు అద్దంలా ఉంటే సరే, తెల్లటి మరక పడితే డబ్బా తిరిగి ఇచ్చేయండి. నా అనుభవంలో నాలుగింటిలో ఒకటి ఈ పరీక్షలో ఫెయిలైంది. బ్యాటరీ షాపులో అడిగేటప్పుడు 'డిస్టిల్డ్ వాటర్' అనే అడగండి. పొరపాటున యాసిడ్ డబ్బా చేతిలో పెట్టారంటే రేడియేటర్‌తో పాటు మీ చేతులూ పోతాయి.

పాతది తీయడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ఇంజన్ పూర్తిగా చల్లబడాలి. అంటే మొదటిసారికి రాత్రంతా ఆగిన బండి అని అర్థం. టీ తాగి వచ్చేలోపు చల్లబడదు. వేడి మీద క్యాప్ తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. వేడి ఇంజన్లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు. ఈ రెండు విషయాల్లో తొందరొద్దు.

కింది పైపు విప్పి టబ్బులోకి వదలండి. ధార ఆగగానే అయిపోయిందనుకుని కొత్తది పోసేస్తారు చాలామంది. నిజానికి మూడో వంతు నీళ్లు ఇంజన్ బ్లాకులోనే (సిలిండర్లుండే భాగంలోనే) ఉండిపోతాయి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే తెరుచుకునే వాల్వ్) మూసుకుని ఉంటుంది కాబట్టి అవి పైపులోంచి రావు. షెడ్డులో హోస్ పైపు పెట్టి తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగామంటారే, వాళ్లు కడిగింది రేడియేటర్‌నే. బ్లాకులో పాత తుప్పు నీళ్లు అలాగే ఉంటాయి, పైపెచ్చు బోరు నీళ్లు పట్టించి పంపుతారు.

సరైన పద్ధతి ఇది. పైపు బిగించి మంచినీళ్లు నింపండి. మొదటి రెండు విడతలకు ఆర్వో క్యాన్ నీళ్లు చాలు. బండి స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి పెట్టుకుని ఉండండి. చాలాసేపు చల్లగానే ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నదని గుర్తు అదే. అప్పటినుంచి పది నిమిషాలు నడిపితే బ్లాకులో నీళ్లు, రేడియేటర్‌లో నీళ్లు కలుస్తాయి. ఆపండి, చల్లారనివ్వండి, వదలండి. మూడోసారి మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయాలి. ప్రతి విడతకూ మూడో వంతు మిగులుతుంది కాబట్టి మూడు విడతలకు పాతది 27లో ఒక వంతుకు దిగుతుంది. రోజంతా పడుతుంది. నేను ఆదివారం పొద్దున మొదలుపెడితే పొద్దుగూకుతుంది.

ఎర్రమట్టి రంగు పోకుండా వస్తూనే ఉంటే రేడియేటర్ విప్పి, పని తెలిసినవాళ్ల దగ్గర ట్యాంకు ఊడదీయించి, గొట్టాల్లో సన్నకడ్డీ తోలించండి. నిమ్మ ఉప్పుతో ఇంట్లోనే కడిగేద్దామనుకోకండి. బాగా పాత రేడియేటర్‌లో చిల్లుల్ని మూసి ఉంచుతున్నది ఆ సున్నమే కావచ్చు. లీకుకు పసుపు వేసే వైద్యం ఎవరైనా చెబితే, ఊరు చేరడం తప్ప వేరే దారి లేనప్పుడే వినండి. అది లీకు కన్నా ముందు గొట్టాలకు అడ్డం పడుతుంది.

ఇంకో మాట. బండి వేడెక్కుతుంటే 'వాల్వ్ పీకేస్తే సరి' అని థర్మోస్టాట్ తీసి పారేసే మెకానిక్‌లు ఉన్నారు. నా బండికీ ఒకాయన తీసేశాడు. చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కి పోకుండా బైపాస్ అనే పక్కదారి గొట్టంలోనే తిరిగి ఇంకా వేడెక్కుతుంది కూడా. కొత్తది కొని పెట్టించాకే నా బండిలో వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చింది.

ఎంత పోయాలి

చివరి విడతలో ఎన్ని లీటర్లు బయటికి వచ్చాయో కొలవండి. నా బండికి మొత్తం 9 లీటర్లు పడుతుంది, మీ బండికి ఎంతో పుస్తకంలో ఉంటుంది. 6 లీటర్లు వస్తే లోపల 3 లీటర్ల నీళ్లు ఉన్నట్టు. ముందు 9లో సగం, అంటే నాలుగున్నర లీటర్ల కాన్సంట్రేట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. సగం సగం అయింది. రెడీమిక్స్ వద్దన్నది ఇందుకే. సగం పాళ్ల రెడీమిక్స్ 6 లీటర్లు పోస్తే అందులో అసలు కూలెంట్ 3 లీటర్లే, మొత్తంలో మూడో వంతు. అలాగని ఉత్త కాన్సంట్రేట్ నింపేస్తే చిక్కగా ఉండి వేడిని సరిగా మోయలేదు. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అనుకుని ఆ పనీ చేశారు మా ఊళ్లో.

గాలి తీయడం

ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలపండి. క్యాప్ తీసి, హీటర్ ఉంటే ఫుల్‌లో పెట్టి, చల్లటి బండి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెంగా నింపుతూ ఉండండి. క్యాప్ బిగించి అవతలి వీధిదాకా తిప్పి రండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి తగ్గినంత పోయండి.

తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, మేకలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. కాలువలో, పశువులు తాగే తొట్టి దగ్గర పారబోయకండి. మూతబిగించిన డబ్బాలో పోసి, వేస్ట్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.

పాతరకం కూలెంట్‌కి రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నా బానెట్ లోపలివైపు తెల్ల పెయింట్‌తో తేదీ, కిలోమీటర్లు, 'ఐఏటీ, బోరు నీళ్లు వద్దు' అని రాసి ఉంటుంది. దారిలో ఎక్కడైనా షెడ్డులో బండి వదలాల్సి వస్తే, పని మొదలయ్యేలోపు వాళ్లు దాన్ని చదువుతారు.