డబుల్ బాస్ మాస్టర్‌క్లాసుకు వెళ్తున్నారా?

డబుల్ బాస్ అంటే వయొలిన్‌ను పోలిన, నిలబెట్టి వాయించే పెద్ద మంద్ర వాద్యం. మాస్టర్‌క్లాసంటే అందరి ముందు గురువు విద్యార్థి వాయింపును సరిదిద్దే పాఠం. మొదటిసారి వాయించడానికి కాదు, వినడానికి వెళ్లండి. వేదిక మీద ఉన్న విద్యార్థికి గురువు మాటలు సగమే చెవికెక్కుతాయి. మిగతా సగం కంగారులో కొట్టుకుపోతుంది. అది కింద కూర్చున్నవాళ్లకు దక్కుతుంది. నా విద్యార్థులు ఈ మాటకు ముఖం చిన్నబుచ్చుకుంటారు, అయినా చెబుతూనే ఉంటాను.

ముందు వరుసలో, మీకు ఎడమవైపు కుర్చీ చూసుకోండి. వాయించేవారి కుడిచెయ్యి అక్కడినుంచి బాగా కనిపిస్తుంది. అందరూ ఎడమచేతి వేళ్లనే చూస్తారు గానీ నాదం పుట్టేది కమాను (తీగల మీద లాగే బో) దగ్గర: దాని వేగం, తీగ మీద మోపిన బరువు, బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కకు) ఎంత దూరంలో తగులుతోందన్నది. గురువు విద్యార్థి మోచేతిని కాస్త సర్దగానే అదే స్వరం విచ్చుకోవడం వింటారు. అప్పుడు గురువు వాడిన మాటలను అలాగే రాసుకోండి. సొంత వ్యాఖ్యానం ఇంటికి వెళ్లాక చేసుకోవచ్చు. ఫ్రెంచ్ కమాను (చెయ్యి పైనుంచి పట్టేది) గొప్పదా, జర్మన్ కమాను (చెయ్యి కిందనుంచి పట్టేది) గొప్పదా అని మాత్రం ప్రశ్నల సమయంలో అడగకండి. ఆ తగువు తెగదు, గంట గడిచిపోతుంది.

ఇక మీరే వాయించే రోజు. నిన్నమొన్న మొదలుపెట్టిన రచన కాకుండా చేతికి పూర్తిగా వచ్చినదే తీసుకెళ్లండి. పియానో సహకారం ఉంటే శ్రుతి సంగతి ముందే తేల్చుకోవాలి. బాస్ తీగలు మామూలుగా ఇ, ఎ, డి, జి. సోలో శ్రుతిలో, అంటే సోలో రచనలకు పెట్టుకునే శ్రుతిలో, ఒక్కొక్కటీ ఒక పూర్తి స్వరం పైకి వెళ్తుంది: ఎఫ్ షార్ప్, బి, ఇ, ఎ. బాస్ కోసం కుసెవిట్స్కీ రాసిన కాన్చెర్టోనే (ఆర్కెస్ట్రాతో వాయించే సోలో రచన) చూడండి. మీరు చదివేది ఇ మైనర్‌లో అయినా, సోలో శ్రుతిలో వినిపించేది ఎఫ్ షార్ప్ మైనర్. పియానో ప్రతి మీ తీగలకు సరిపోయేది కాకపోతే మొదటి గీతలోనే (స్వరలిపిలో ఒక బార్) ఇద్దరూ చెరో దారి పడతారు. ఆర్కెస్ట్రా భాగాలు, అంటే బీథోవెన్ ఐదో సింఫనీ మూడో భాగంలోని ట్రియో (దాని మధ్య విభాగం) లాంటివి తీసుకెళ్తే లయ గట్టిగా ఉండాలి, చాలామంది గురువులు ముందు పట్టుకునేది అదే. గీతల సంఖ్యలున్న ఒక ప్రతి గురువుకు ఇవ్వండి. రోజిన్ (కమానుకు రాసే గట్టి జిగురు), గుడ్డ, ఎండ్‌పిన్ (బాస్ కింద నేలకు ఆనే కడ్డీ) జారకుండా ఆపే పట్టీ సంచిలో ఉండాలి. స్టూలు మీద కూర్చుని వాయించే అలవాటుంటే అదీ మీదే తెచ్చుకోండి.

కచేరీకైతే తప్పకుండా స్వయంగా వెళ్లాలి. బాస్‌లో అడుగు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోను స్పీకరు ఆ మూలస్వరాన్ని సరిగా పలికించలేదు, మీరు వినేది పైపొర మాత్రమే. షూబర్ట్ 1819లో రాసిన ట్రౌట్ క్వింటెట్ ఎక్కడైనా ఉంటే వదలకండి. ఐదు వాద్యాల మధ్య ఒకే ఒక బాస్ అడుగున నిలబడితే సెల్లోకు పై స్థాయిలో పాడుకునే స్వేచ్ఛ ఎలా దొరుకుతుందో వినండి. మాలర్ మొదటి సింఫనీలో మూడో భాగం మ్యూట్ (నాదాన్ని తగ్గించే బిళ్ల) పెట్టిన బాస్ సోలోతో, టింపనీ (పెద్ద భేరీల) మెల్లని దెబ్బలతో మొదలవుతుంది. ఆ కొద్ది గీతలకోసం బాస్ వాయించేవాళ్లు నిద్రలు మానుకుంటారు, కాబట్టి దగ్గుమాత్ర ముందే నోట్లో వేసుకోండి.

కచేరీ అయ్యాక వాయించినవారిని పలకరించండి. ఏ తీగలు వాడారు, వేళ్లు నొక్కే పలక మీంచి తీగల ఎత్తు ఎంత పెట్టుకున్నారు అని అడిగితే సంతోషంగా చెబుతారు. “దీన్ని మోయడం కష్టం కాదా, ఫ్లూట్ నేర్చుకోవలసింది” అన్నది మాత్రం వాళ్లు రోజూ వినేదే. నేల మీద పక్కకు వాల్చి పెట్టిన బాస్‌లకు దూరంగా నడవండి, మీ భుజాన సంచి ఉంటే మరీ దూరంగా.