జనవరిలో దిగుతున్నారా? ఫోన్‌కి కూడా చలి వేస్తుంది

కెనడా, అమెరికా కాలేజీల్లో జనవరి ఇన్‌టేక్‌కి, అంటే జనవరిలో మొదలయ్యే కోర్సులకి, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చే పిల్లలు పచ్చళ్లు, పొడులు, కుక్కర్ ఏదీ మర్చిపోరు. మంచి జాకెట్ కూడా కొనుక్కుంటారు. ఫోన్ సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్, అమెరికాలోని మినియాపొలిస్ లాంటి ఊళ్లలో జనవరిలో మైనస్ 20 డిగ్రీలు వింతేమీ కాదు. ధనుర్మాసంలో 20 డిగ్రీలకు దిగితేనే మఫ్లర్ చుట్టుకునే నెల్లూరోళ్లం మనం! అమెరికాలో దిగేవాళ్లకు ఇంకో తిరకాసు: అక్కడ చెప్పేది ఫారన్‌హీట్. ఫోన్‌లో 10 అని చూసి పది డిగ్రీలేగా అని బయల్దేరకండి, అది మన లెక్కలో మైనస్ 12.

జరిగేది ఇలా ఉంటుంది. పొద్దున ఏడున్నరకి బస్టాపులో నిలబడి ఉంటారు. ఫోన్‌లో 35 శాతం ఛార్జింగ్ కనిపిస్తుంటుంది. విన్నిపెగ్‌లో ఏడున్నర అంటే నెల్లూరులో రాత్రి ఏడు. దీపం పెట్టేసి అమ్మ తీరిగ్గా వీడియో కాల్ చేసే టైము అదే. ఎత్తుతారు. "ఏంది నాయనా, ముఖం అట్టా ఎర్రబడిందే..." అనేలోపే స్క్రీన్ నల్లగా అయిపోతుంది. ఇక్కడ మీకు బస్సు టికెట్ పోయింది, మ్యాప్ పోయింది. అక్కడ ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే వచ్చిన మొదటి వారంలోనే ఇంట్లో చెప్పి పెట్టండి, మధ్యలో కాల్ కట్టయితే చలికి ఫోన్ ఆగినట్టు, ఇంటికెళ్లాక చేస్తానని.

ఆ ఫోన్‌ని వెచ్చని గదిలో కాసేపు ఉంచి ఆన్ చేయండి. చాలాసార్లు పోయిందనుకున్న ఛార్జింగ్ చాలావరకు అలాగే కనిపిస్తుంది. అది ఎక్కడికీ పోలేదు, బయటికి రాలేకపోయింది, అంతే. ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దాని లోపల ఒక ద్రవం ఉంటుంది. లిథియం అయాన్లు ఆ ద్రవం గుండా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు కదిలితేనే కరెంటు వస్తుంది. చలికాలం తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె చిక్కబడినట్టు, గట్టి చలిలో ఈ ద్రవమూ చిక్కబడుతుంది. అయాన్ల నడక మందగిస్తుంది, కరెంటుకి అడ్డుపడే లోపలి నిరోధం పెరుగుతుంది. వీడియో కాల్ లాంటి పెద్ద పని పెట్టగానే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. ఇంక నడపలేనని ఫోన్ తనంతట తనే ఆగిపోతుంది.

పాత బ్యాటరీలో ఈ నిరోధం ముందే ఎక్కువ. మన వైపు నుంచి తెచ్చుకునే ఫోన్లతో అసలు చిక్కు ఇక్కడే. చలి చేసే నష్టం చాలావరకు తాత్కాలికం. ఎండ చేసేది శాశ్వతం. రోహిణి కార్తెలో బైకు ట్యాంక్ కవర్‌లో పెట్టుకుని ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తిప్పిన ఫోన్ అయితే దాని బ్యాటరీ ఎప్పుడో సగం నీరసించి ఉంటుంది. ఫ్లైట్ ఎక్కేముందే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్, అంటే కొత్తప్పటితో పోలిస్తే ఇప్పుడు ఎంత ఛార్జింగ్ పట్టగలదో, చూసుకోండి. 80 శాతం కంటే తక్కువుంటే ఊళ్లోనే మంచి బ్యాటరీ వేయించుకుని రండి. ఇక్కడ కూలీ ఖర్చే గుండె గుభేలుమనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. చల్లబడిన ఫోన్‌ని ఇంటికి రాగానే ఛార్జింగ్‌కి పెట్టకండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కిస్తే, బ్యాటరీలో ఒక వైపున ఉండే గ్రాఫైట్ లోపలికి చేరాల్సిన లిథియం పైపైనే లోహపు పొరలా పేరుకుంటుంది. అలా పేరుకున్నది చాలావరకు తిరిగి పనికి రాదు. బ్యాటరీ కెపాసిటీ పోతుంది, మరీ ముదిరితే లోపల షార్ట్ కూడా కావచ్చు. మంచి ఫోన్లు అంత చలిలో వాటంతట అవే ఛార్జింగ్ ఆపేస్తాయి. చవకరకం పవర్ బ్యాంకుల్ని నమ్మలేం. అరగంట ఆగితే సరిపోయేదానికి తొందరెందుకు? హీటర్ మీద పెట్టడం, హెయిర్ డ్రయర్ కొట్టడం లాంటివి అసలొద్దు. చలిలోంచి వెచ్చని ఇంట్లోకి రాగానే కళ్లజోడు మీద ఆవిరి పడుతుంది కదా, ఫోన్‌ మీదా అదే తేమ పడుతుంది. కాసేపు జాకెట్ జేబులోనే ఉండనివ్వండి.

బయట ఉన్నంతసేపూ ఫోన్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉండాలి. ప్యాంటు వెనక జేబు అలవాటు మానుకోండి. మాట్లాడాల్సి వస్తే వైరున్న ఇయర్‌ఫోన్స్ మేలు. బ్లూటూత్ బడ్స్‌లో ఉండేవీ బ్యాటరీలే, అవీ చలికి చతికిలబడతాయి. ఇంటి అడ్రసు, ఇద్దరు ఫ్రెండ్స్ నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇది చాదస్తం అనుకుంటే మీ ఇష్టం.

పవర్ బ్యాంకు కూడా లోపలి జేబులోనే. విమానంలో దాన్ని చెక్-ఇన్ బ్యాగులో వేయనివ్వరు, చేతి సామానులో తేవాలి. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) వరకు ఇబ్బంది లేదు. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే.

కారు కొన్నాక ల్యాప్‌టాప్‌ని రాత్రంతా డిక్కీలో వదిలేయకండి. కారు బ్యాటరీకీ ఈ బాధ తప్పదు. పైగా చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్ట్ అవ్వడానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు బ్యాటరీ వయసు అడగండి, ఇంకో కారు బ్యాటరీ సాయంతో మన కారు స్టార్ట్ చేసుకునే జంపర్ కేబుల్స్ ఒక సెట్ కొని పెట్టుకోండి.

అద్దె ఇంటికి నంబర్లు నొక్కే తాళం ఉంటే అందులో వేసే మామూలు ఆల్కలైన్ సెల్స్ కూడా చలిలో బాగా నీరసపడతాయి. ఆ తాళానికి పనికొస్తాయని రాసి ఉంటే రీఛార్జ్ చేయని లిథియం ఏఏ సెల్స్ వేయండి, అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఓనర్‌ని అడిగి తాళంచెవి కూడా ఒకటి తీసుకోండి.