అనిమే బొమ్మలు నేర్చుకుందాం – 4: పక్కకి తిరిగిన ముఖం, పైన పరిచే దిద్దుబాటు కాగితం

పోయిన పాఠంలో అనిమే, అంటే జపాన్ కార్టూన్ల పద్ధతిలో, ఎదురుగా చూసే ముఖం వేశాం. గుండ్రటి తల, దాని కింద దవడ, మధ్యలో నిలువు గీత, అడ్డంగా కళ్ల గీత. అది చేతికి వచ్చినవాళ్లే ఈ పాఠం మొదలుపెట్టండి. రాకపోతే ఇంకో వారం అదే వేయండి, తొందరేం లేదు.

ఆదివారాలు నెల్లూరులో మా ఇంటికి బొమ్మలు పట్టుకొచ్చే పిల్లలున్నారు. వాళ్ల పుస్తకాలన్నీ వరసగా తెరిచి పెడితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ముఖాలు ఎదురుగా ఉంటాయి, లేదంటే అన్నీ ఒకే పక్కకి చూస్తుంటాయి. కుడిచేతి వాటం ఉన్నవాళ్ల బొమ్మలు ఎక్కువగా కాగితం ఎడమ వైపుకి చూస్తాయి, ఎందుకంటే నుదుటి నుంచి గడ్డం దాకా ఆ వంపు తిప్పడం ఆ చేతికి తేలిక. రెండో పక్కకి తిప్పమంటే చాలామందికి టెన్షన్. కన్ను జారిపోతుంది, దవడ వంకర పోతుంది. చేతికి అలవాటైన ఒక్క వంపునే మళ్లీ మళ్లీ గీస్తున్నారు గానీ తల ఆకారం ఇంకా మనసులోకి ఎక్కలేదన్నమాట. ఈ పాఠం దానికోసమే.

వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చుకోండి. పొదలకూరు నిమ్మ మార్కెట్ ఉన్న జిల్లా మనది, కాయకు కొదవ లేదు. కాస్త పెద్దది, ఒక కొస బాగా మొన తేలినది ఏరుకోండి. ఆ మొన కిందికి వచ్చేలా పట్టుకుంటే అదే గడ్డం. ఇప్పుడు స్కెచ్ పెన్నుతో పైనుంచి మొన దాకా ఒక గీత గీయండి, ముక్కు, నోరు దాని మీద వస్తాయి. నడుముకు కొంచెం కిందుగా చుట్టూ ఇంకో గీత. నిజం మనిషికైతే కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉంటాయి; అనిమే ముఖానికి నుదురు పెద్దది కాబట్టి ఆ గీత కాస్త కిందికి దిగుతుంది. ఆ గీత మీద రెండు పెద్ద కళ్లు గుండ్రంగా వేయండి. రెంటి మధ్య ఒక కన్ను పట్టేంత చోటు వదలండి.

ఇక కాయని మెల్లగా పక్కకి తిప్పండి. ఒక కన్ను మూసుకుని చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నిలువు గీత తిన్నగా ఉండదు, విల్లులా వంగుతుంది. దగ్గరి కన్ను దాదాపు అలాగే ఉంటుంది. దూరపు కన్ను ఎత్తు తగ్గదు, వెడల్పు మాత్రం తగ్గుతుంది. ఆ కంటికీ కాయ అంచుకీ మధ్య చోటు బాగా సన్నబడుతుంది. ఇప్పుడు మొనని మీకు దూరంగా నెట్టి తల వంచినట్టు పెట్టండి: కళ్ల గీత మధ్యలో కిందికి దిగుతుంది. తల ఎత్తినట్టు పెడితే అదే గీత పైకి లేస్తుంది. కాయని ఇలా రకరకాలుగా పెట్టి, ప్రతి వాటంలోనూ ఆ రెండు గీతలే కాగితం మీద వేయండి. కళ్లు, జుట్టు ఏమీ వద్దు. ఎడమకి ఎన్ని వేస్తే కుడికీ అన్ని వేయాలి.

నిమ్మకాయ నేర్పలేనిది ఒకటుంది, తల వెనక భాగం. పక్కనుంచి చూస్తే మనిషి తల నుదుటి నుంచి వెనక దాకా ఉన్న పొడవు, నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తుకి ఇంచుమించు సమానం. నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఎవరినైనా పక్కకి తిప్పి కూర్చోబెట్టి స్కేలు పట్టి చూడండి. కొత్తవాళ్లు చెవి వేయగానే తల అయిపోయిందనుకుంటారు. చెవి పక్క భాగానికి మధ్యలో, కాస్త వెనగ్గా ఉంటుంది. దాని పై అంచు కనుబొమ ఎత్తులో, తమ్మె ముక్కు అడుగు ఎత్తులో వస్తాయి. చెవి వెనక ఇంకా బోలెడు తల ఉంది. జుట్టు ఆ తల మీద మొలుస్తుంది కాబట్టి ముందు బోడితల వేసి, పాపిడి ఎక్కడో, సుడి ఎక్కడో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే వెంట్రుకల పాయలు తీయండి. జుట్టుతో తలని కప్పేసి తప్పించుకుందామనుకుంటే కుదరదు. నెత్తి అణిగిపోయిందని చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

దూరపు చెంప అంచు గురించి కూడా చెప్పాలి. నుదురు దిగొచ్చి కంటి దగ్గర లోపలికి నొక్కుకుంటుంది, చెక్కిలి దగ్గర బయటికి ఉబ్బుతుంది, అక్కణ్ణుంచి నోటి పక్కగా గడ్డానికి జారుతుంది. అనిమే చిత్రకారులు ఈ గీతని ఎంత తేలిక చేసినా కంటి దగ్గరి ఆ నొక్కుని మాత్రం సాధారణంగా వదలరు. మీకిష్టమైన పాత్ర ముఖాన్ని ఆపి చూడండి, అక్కడే ఉంటుంది.

ఇంత తక్కువ గీతలు ఎందుకు అని ఒక్కసారి ఆలోచించండి. 1963లో జపాన్ బొమ్మల కథల రచయిత ఒసాము తెజుకా తన ఆటమ్ (ఆస్ట్రో బాయ్) అనే మరబొమ్మ పిల్లాడి కథని వారం వారం టీవీకి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు డబ్బూ తక్కువే, టైమూ తక్కువే. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు పోతాయి. ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములు నిలబెడితే సెకనుకి 8 బొమ్మలతో పని జరుగుతుంది. అలాగైనా ఒక ఎపిసోడ్‌కి వేల బొమ్మలు కావాలి, ఎంతోమంది చేతులు పడాలి. అన్ని చేతుల్లోనూ అదే ముఖం రావాలంటే అక్కర్లేని గీత ఒక్కటి కూడా ఉండకూడదు. అందుకే మిగిలిన ప్రతి గీతకీ బరువు ఎక్కువ. మన బాపు బొమ్మలోనూ ఈ పొదుపు కనిపిస్తుంది: ఒక్క గీతలో భుజం, మెడ, సిగ్గు మూడూ వస్తాయి. ఆ ఒక్క గీతా చోటు తప్పితే ఆదుకోడానికి షేడింగ్ ఉండదు.

కాబట్టి నిజం మనుషుల్ని చూసి వేయడం తప్పనిసరి. నేను పిల్లల్ని నెల్లూరు ఆర్టీసీ బస్టాండ్‌కి వెళ్లమంటాను. కావలి బస్సుకో, ఆత్మకూరు బస్సుకో ఎదురు చూసేవాళ్లంతా బస్సు వచ్చే వైపు తలలు తిప్పి కూర్చుంటారు, మనకి కావలసిన వాటం అదే. ఫోన్ తీసి ఎవరినీ ఫొటో తీయొద్దు. పెన్సిలు కూడా వద్దు, మార్కాపురం పలకా బలపమూ పట్టుకెళ్లండి. బలపం గీత మందంగా పడుతుంది, కనురెప్ప వెంట్రుకలు తీద్దామన్నా రావు. తల గుండ్రం, మెడ వాలు, భుజాల గీత, అంతే. అర నిమిషంలో వేసి చెరిపేయండి. దాచుకునే బొమ్మ కాదు కాబట్టి చెయ్యి భయం లేకుండా కదులుతుంది. ఎవరైనా “ఏంది గీస్తా ఉండావు?” అని అడిగితే పలక చూపించండి. చాలామంది సంతోషిస్తారు. వద్దన్నవాళ్లని వదిలేయండి.

ఇప్పుడు ఈ పాఠంలో అసలు సంగతికి వస్తున్నా. బొమ్మ వేశాక దాన్ని దిద్దించుకోవడం.

జపాన్ స్టూడియోల్లో ఒక పద్ధతి ఉంది. ఒక చిత్రకారుడు ముఖ్యమైన బొమ్మలు వేస్తాడు, వాటిని గెంగా అంటారు. అవి నేరుగా ముందుకి వెళ్లవు. సాకుగా కంతోకు అనే పర్యవేక్షకుడి బల్ల మీదికి వస్తాయి. ఆయన బొమ్మ మీద పల్చటి రంగు కాగితం, ఎక్కువగా పసుపుది, పరిచి ఎక్కడ కన్ను జారిందో, ఎక్కడ దవడ పెరిగిందో అక్కడ సరైన గీత మళ్లీ వేస్తాడు. కింది బొమ్మని చెరపడు. రెండూ కలిపి వెలుతురులో పెట్టి చూస్తే తేడా కళ్లకి కడుతుంది. ఏళ్ల తరబడి అదే పనిగా బతికేవాళ్ల బొమ్మల మీద కూడా ఆ కాగితం పడుతుంది. అక్కడ అది అవమానం కాదు, రోజువారీ పని. మన బొమ్మ మీద ఎవరైనా వేలు పెడితే ముఖం మాడ్చుకునే పిల్లలందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే.

ఇంట్లో కూడా ఇలా చేయొచ్చు. జిరాక్స్ షాపుల్లో, స్టేషనరీ కొట్లలో ట్రేసింగ్ పేపర్ దొరుకుతుంది. బొమ్మ మీద పరిచి పైన క్లిప్పు పెట్టండి, ఎర్ర పెన్ను తీసుకోండి. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ వాడేవాళ్లు బొమ్మ పైన కొత్త లేయర్ తీసి ఎర్ర రంగుతో గీస్తే సరిపోతుంది. ఎవరికో చూపించే ముందు మీరే ఒకసారి దిద్దండి. కాగితాన్ని వెనక్కి తిప్పి ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూడండి, ఫోన్‌లో అయితే బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పండి. రోజంతా చూసి చూసి కన్ను అలవాటు పడిపోయిన తప్పు తిప్పగానే బయటపడుతుంది.

తర్వాత వేరేవాళ్లని అడగండి. “ఎట్టా ఉంది?” అని అడిగితే “సూపర్” అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ రేపు ఏ గీత మార్చాలో తెలియదు. “ఈ దూరపు కన్ను ముఖం మీదే ఉందా, పక్కకి జారిపోయిందా?” అని అడగండి. “ఈ పిల్ల ఎటు చూస్తోంది?” అని అడగండి. దీనికి బొమ్మలు వచ్చినవాళ్లే కానక్కర్లేదు. “ఈ పిల్లకి మెడ పట్టేసిందా ఏంది?” అని అమ్మ అంటే అంతకన్నా మంచి విమర్శ లేదు. ఆమెకి ఎలా సరిచేయాలో తెలియకపోవచ్చు, ఎక్కడ బాధ ఉందో మాత్రం సరిగ్గా చెప్పింది. ఇద్దరు ఒకే చోటు చూపిస్తే అక్కడ తప్పు ఉందనుకోండి. వాళ్లు చెప్పే మందు పనికి రాకపోయినా సరే.

ఒక బొమ్మ సంగతి వివరంగా చెప్తాను. కావలి నుంచి వచ్చే ఇంటర్ అమ్మాయి వేసింది. సాయంత్రం మైపాడు బీచ్‌లో లంగా ఓణీ వేసుకున్న పిల్ల సముద్రం వైపు చూస్తూ నిలబడింది. కళ్లు చాలా శ్రద్ధగా వేసింది: పై రెప్ప గీత మందంగా, కింది గీత సన్నగా, నల్లగుడ్డు పై భాగంలో రెప్ప నీడ, దాని మీద మెరుపు చుక్క. ముందు అదే చెప్పాను. పై రెప్ప నీడ వల్లే ఆ కన్ను తడిగా, లోతుగా కనిపిస్తోందని, అది ఎప్పటికీ వదలొద్దని.

తర్వాత ట్రేసింగ్ పేపర్ పరిచి నిలువు గీత వేశాను. రెండు కళ్లూ ఒకే వెడల్పులో ఉన్నాయి, అందుకే దూరపు కన్ను చెంప దాటి బయటికి వచ్చినట్టుంది. “అక్కా, అది నా స్టైల్” అంది. “సరే అమ్మా, ఇదే పిల్లని ఇప్పుడు కన్ను సన్నంగా పెట్టి ఇంకోటి వేయి” అన్నాను. వేయబోయి ఆగిపోయింది. రెండు రకాలుగానూ వేయగలిగి, చూసి చూసి ఒకటి ఎంచుకుంటే అది స్టైల్. ఒకటే వచ్చినప్పుడు దాన్ని స్టైల్ అనడం తొందరపాటు. స్టైల్ కావాలి, నాకు అందులో ఏ అభ్యంతరమూ లేదు. నేర్చుకోవలసినదాన్ని దాని వెనక దాచుకుంటే మాత్రం ఆ పిల్ల ఎన్నేళ్లయినా ఒకే పక్కకి చూస్తూ ఉండిపోతుంది.

ఇంకోటి కూడా చూపించాను. జుట్టు ముందుకి, సముద్రం వైపుకి ఎగురుతోంది. ఓణీ కొంగు వెనక్కి ఎగురుతోంది. మన తీరంలో సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వస్తుంది. సముద్రానికి ఎదురుగా నిలబడ్డ పిల్లకి రెండూ వెనక్కే పోవాలి. ఆ అమ్మాయి ఆ బీచ్‌కి ఎన్నోసార్లు వెళ్లింది, అక్కడ తన జడ ఎటు కొట్టుకుంటుందో ఒంటికి తెలుసు. బొమ్మ వేసేటప్పుడు మాత్రం ఎక్కడో చూసిన జుట్టు గుర్తొచ్చింది. మెడ కూడా కాస్త పొట్టిగానే ఉంది, కానీ ఆ రోజు దాని జోలికి పోలేదు. దిద్దేవాళ్లు ఒకసారికి ఒకటి రెండు పెద్ద విషయాలు పట్టుకుంటే చాలు. పది చెప్తే పిల్ల పెన్సిలు పక్కన పెట్టేస్తుంది.

దిద్దించుకునేవాళ్లు అవతలివాళ్లు చెప్పడం అయ్యేదాకా అడ్డు చెప్పకండి. పాత బొమ్మని రబ్బరు పెట్టి అతుకులు వేయొద్దు, మర్నాడు కొత్త కాగితం మీద మొదటి గీత నుంచి మళ్లీ వేయండి. పాతది, ఎర్ర గీతల కాగితం, కొత్తది మూడూ ఒకే ఫైల్లో తేదీ వేసి పెట్టండి.

చూసి కాపీ చేయడం తప్పా అని కొందరు అడిగారు. నేర్చుకోడానికి తప్పు కాదు. ఎవరి బొమ్మ చూసి వేశారో కింద పేరు రాయండి, మీదని చెప్పి ఎక్కడా పెట్టకండి.

ఈ వారం హోంవర్క్: మీ సొంత పాత్ర ఒకటి తీసుకుని ఎదురుగా, ముప్పావు (ఎదురుకీ పూర్తి పక్కకీ మధ్య వాటం) ఎడమకి, ముప్పావు కుడికి, పూర్తి పక్కకి, వెనక నుంచి ఐదు తలలు ఒకే కాగితం మీద వరసగా వేయండి. స్టూడియోల్లో దీన్ని సెట్టెయ్ అంటారు. కళ్ల గీత, ముక్కు అడుగు, గడ్డం ఐదు తలల్లోనూ ఒకే ఎత్తులో రావాలి, దానికి ముందే స్కేలుతో అడ్డగీతలు కొట్టుకోండి. ఐదూ అయ్యాక ట్రేసింగ్ పేపర్ పరిచి బొమ్మలు రాని ఒకరితో, బొమ్మలు వచ్చిన ఒకరితో విడివిడిగా తప్పులు గుర్తు పెట్టించండి. ఇద్దరి గుర్తులూ ఎక్కడ కలిశాయో అక్కడ చుట్టూ గీత చుట్టి ఉంచుకోండి. వచ్చే పాఠం చేతుల మీద. పూలు కట్టే చెయ్యినో, చపాతీ వత్తే చెయ్యినో ఈలోగా కాసేపు దగ్గరగా కూర్చుని చూసి రండి, బొటనవేలు అరచేతిలో ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టండి.