దుకాణం దస్త్రాలు – మూడో పాఠం: దొరికిన బిల్లు విలువ ఎంత?

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను, మీ దుకాణం సమాచారం ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాయమని. చాలామందికి ఇట్లా వచ్చి ఉంటుంది: కొన్న బిల్లులు గల్లాపెట్టెలో కొన్ని, వాట్సాప్‌లో కొన్ని, ఉద్దెర లెక్క నోటుబుక్కులో, సగం ధరలు సేటు యాదిలో. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ రోజు దానికి రూపాయల్లో విలువ కడదాం.

నేను నల్లగొండలో ఒక బోరు మోటార్ల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. ఒక ఏప్రిల్‌లో ఒక రైతు కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకొని వచ్చాడు. "సేటూ, పోయినేడు మీ దగ్గర్నే కొన్న, వారంటీ ఉన్నది గదా" అన్నాడు. బిల్లు పోగొట్టుకున్నాడు. కొన్నది మా దగ్గరేనని మాకూ తెలుసు, కానీ ఏ నెలలో కొన్నాడో ఆయనకు గుర్తు లేదు, మా బిల్లు పుస్తకాల్లో పేరు పట్టుకొని వెతికే దారి లేదు, కంపెనీ వాళ్లేమో బిల్లు నంబరూ మోటారు సీరియల్ నంబరూ లేకపోతే వారంటీ కుదరదన్నారు. రెండు రోజులు వెతికాం. ఎండాకాలంలో బత్తాయి తోటకు నీళ్లు ఆగితే పిందె రాలిపోతుంది, ఆయన ఎట్లా ఆగుతాడు? ఇంకో దుకాణంలో కొత్త మోటారు కొనుక్కొని పోయాడు. మూడో రోజు బిల్లు దొరికింది. ఆ తర్వాత ఆ ఊరి నుంచి పైపు ముక్క కోసం కూడా ఎవరూ మా దగ్గరికి రాలేదు. ఆయన మొఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది, ఈ పాఠాలు మొదలుపెట్టింది కూడా అందుకే.

పోయిన గిరాకీకి లెక్క కట్టడం కష్టం. జీఎస్టీకి మాత్రం పైసలతో సహా కట్టొచ్చు. లక్ష రూపాయల పీవీసీ పైపులు తెస్తే 18 శాతం చొప్పున 18,000 పన్ను కడతాం. దాన్ని మన అమ్మకాల మీద పడే పన్నులోంచి తగ్గించుకోవచ్చు, ఇన్‌పుట్ క్రెడిట్ అనేది అదే. అయితే బిల్లు మన చేతిలో ఉండాలి, అమ్మినవాళ్లు తమ రిటర్నులో దాన్ని ఎక్కించి ఉండాలి, నెలనెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో మన పేరు మీద తయారయ్యే కొనుగోలు బిల్లుల పట్టిక, అంటే జీఎస్టీఆర్-2బీలో అది కనబడాలి. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లులకు ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే గడువు, అంతకంటే ముందే వార్షిక రిటర్ను వేస్తే ఆ రోజు వరకే. గడువు దాటితే ఆ 18,000 మన జేబులోంచి పోయినట్టే. మీకు వందకు ఆరు రూపాయలు మిగులుతాయనుకోండి, ఆ డబ్బు మళ్లీ సంపాదించాలంటే మూడు లక్షల సరుకు అమ్మాలి. ఒక్క కాగితం కనబడనందుకు!

ఉద్దెర సంగతి ఇంకా సున్నితమైనది. మన దగ్గర వానాకాలం ఇచ్చిన సరుకుకు యాసంగి వడ్లు అమ్మినాక పైసలు రావడం మామూలే, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అమ్మిన సరుకు బాకీకి దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే ఉంటుంది. ఆ మూడేళ్ల లోపల బాకీదారు "ఇంత ఇవ్వాలి" అని ఒప్పుకొని రాతపూర్వకంగా సంతకం పెడితే ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. రైతు మీద దావా వేయమని నేను చెప్పడం లేదు. ఖాతా పేజీలో ఏడాదికోసారి ఇద్దరూ కూర్చొని మొత్తం చూసుకొని సంతకం చేసుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు, మాటామాటా అనుకునే అవసరమే రాదు.

ఇక నేర్చుకునే పని. ప్రతి బిల్లునూ వచ్చిన రోజే ఫోన్‌తో ఫోటో తీసి పేరు మార్చండి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆ తర్వాత ఎవరిదో లేదా దేనిదో, చివర బిల్లు నంబరు. "2025-06-14 పైపులు 412" అన్నట్టు. సంవత్సరం ముందు ఎందుకంటే, కంప్యూటరు పేర్లను మొదటి అక్షరం నుంచి వరుస పెడుతుంది, అట్లా రాస్తే తేదీల వరుస దానంతటదే వస్తుంది. నెలకు రెండంకెలు రాయండి, 6 కాదు 06, లేకపోతే చాలాచోట్ల 10వ నెల 6వ నెల కంటే ముందుకొచ్చి కూర్చుంటుంది. మోటారు అమ్మిన బిల్లయితే రైతు పేరు, ఊరు, సీరియల్ నంబరు కూడా కలపండి.

ఒక్కో ఆర్థిక సంవత్సరానికి ఒక్క ఫోల్డరు చాలు. పాతవి తీసేయకండి, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలని జీఎస్టీ చట్టమే చెబుతుంది. ఫోన్ పోతే అన్నీ పోకుండా ఇంకో చోట కూడా ఒక కాపీ పెట్టండి.

వచ్చే పాఠం లోపు పోయిన నెల కొన్న బిల్లులన్నిటికీ ఇట్లా పేర్లు పెట్టి, జీఎస్టీఆర్-2బీతో ఒక్కొక్కటి పోల్చండి. మీ దగ్గర బిల్లు ఉండి అక్కడ లేనివి, అక్కడ ఉండి మీ దగ్గర లేనివి విడివిడిగా రాయండి. మొదటి రకం బిల్లులకు అమ్మినవాళ్లకు ఈ వారంలోనే ఫోన్ చేయండి. రెండో రకాన్ని ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.