పాత సామాను తొలగించే వ్యాపారం: నెలవారీ కాంట్రాక్టులు తెచ్చుకోవడం ఎలా?

విరిగిన సోఫాలు, దిగిపోయిన పరుపులు, తుప్పు పట్టిన బీరువాలు ఇళ్ల నుంచి ఎత్తుకెళ్లే పని మొదలుపెట్టడం హైదరాబాద్‌లో పెద్ద కష్టం కాదు. ఒక టాటా ఏస్, ఇద్దరు మనుషులు చాలు. నిలబడటమే కష్టం. దసరా ముందు ఫోను ఆగదు. ఆషాఢం రాగానే ఇల్లు మారేవాళ్లు ఉండరు, బండి కదలదు. డ్రైవరు జీతం, బండి వాయిదా మాత్రం శూన్యమాసం చూడవు. అందుకే నెలనెలా వచ్చే పని కావాలి.

1. ముందు సరుకును విడదీసి చూడండి

పాత ఇనుము, పేపరు కొనేవాళ్లు మనకు డబ్బిస్తారు. పరుపులు, పగిలిన కమోడ్లు ఎవరూ కొనరు, వాటిని తీసినందుకు మనమే డబ్బు తీసుకోవాలి. ఈ తేడా ఫోన్‌లోనే చెప్పేయండి. లేకపోతే గుమ్మం దగ్గర గొడవ తప్పదు. కంప్యూటర్లు, బ్యాటరీలు, కూల్చిన గోడల మట్టి మూడో రకం. వీటికి చట్టాలున్నాయి, కింద చెబుతాను.

2. రేటు లోడు లెక్కన చెప్పండి

ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఎన్నో అంతస్తు, సామానుకు లిఫ్ట్ వాడనిస్తారా, బండి గేటు లోపలికి వస్తుందా అని అడగండి. పరుపులు తొట్టి నింపేస్తాయి కానీ బరువుండవు. ఇటుక ముక్కలైతే తొట్టి సగం నిండకముందే బండి మోయగల బరువు దాటిపోతుంది. రెంటికీ ఒకే రేటు చెబితే నష్టం మీకే.

3. కాగితాలు

ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) నమోదు ఉచితం, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి. కంపెనీలతో పని చేయాలనుకుంటే అంతకు ముందే తీసుకోండి, బిల్లు లేనివాడిని వాళ్ల అకౌంట్స్ విభాగం గేటు దాటనివ్వదు.

4. ఎవరిని అడగాలి?

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మొదలుపెట్టమంటాను. రోజూ వచ్చే చెత్త ఆటో మంచాన్ని, సోఫాను తీసుకోదు. అవి సెల్లారులో, మెట్ల కింద పేరుకుపోతాయి. “ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం బండి వస్తుంది” అని ఒక రోజు ఖాయం చేసి, మొదటి నెల తక్కువ రేటుకు చేసి చూపించండి. ఆ రోజు వర్షం పడినా వెళ్లాలి. ఒక అసోసియేషన్ కార్యదర్శి మాట పక్క గేటెడ్ కమ్యూనిటీకి చేరడానికి ఎక్కువ రోజులు పట్టదు.

తర్వాత ఇంటీరియర్ కాంట్రాక్టర్లు, ప్యాకర్స్ అండ్ మూవర్స్, హాస్టళ్లు, పాత పరుపు తీసుకుని కొత్తది అమ్మే షోరూములు. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో అయితే హెచ్‌ఆర్‌ను కాకుండా భవనం నిర్వహణ చూసే ఫెసిలిటీ మేనేజర్‌ను కలవండి.

5. సామాను ఎక్కడికి వెళ్లిందో రుజువు ఇవ్వండి

నా దృష్టిలో కాంట్రాక్టు నిలబెట్టేది ఇదే. రేటు తగ్గించేవాడు రేపు ఇంకొకడు వస్తాడు, రుజువు చూపేవాడు తొందరగా దొరకడు. నేనూ ఇది నష్టపోయాకే నేర్చుకున్నాను. ఒక కంపెనీ వాళ్లు “పోయిన నెల మా సామాను ఎక్కడ దించారు?” అని అడిగితే నా దగ్గర ఒక్క చీటీ లేదు. ఆ పని పోయింది.

అప్పటి నుంచి ప్రతి లోడుకూ ముందు, తర్వాత ఫొటోలు, కాటా చీటీ, దించిన చోటి రసీదు కలిపి నెలాఖరులో బిల్లుతో పంపుతున్నాను. మట్టి, ఇటుకలు, కాంక్రీటు అయితే జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంట్లున్నాయి. చెరువు గట్టున రాత్రిపూట దించడం పాపం, నేరం కూడా. కంప్యూటర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం కనీసం 1,000 ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాలు వాడే సంస్థలు వాటిని నమోదైన రీసైక్లర్ల వంటి వారికే అప్పగించాలి. మీరు కొని విప్పి అమ్మకండి. అలాంటి రీసైక్లర్‌తో ఒప్పందం చేసుకుని, రవాణా ఛార్జీ తీసుకోండి.

6. రాతపూర్వక ఒప్పందం

నెలకు ఎన్ని ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పుకు ఎంత, అదనపు లోడుకు ఎంత, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. డబ్బు గడువు కూడా రాయండి. ఉద్యమ్‌లో సేవా సంస్థగా నమోదైతే, చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా మీ డబ్బు 45 రోజులు మించి ఆపకూడదు. గడువు రాయకపోతే 15 రోజులే. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి.

7. రెండో బండి ఎప్పుడు?

కాంట్రాక్టులే నెలలో సగం రోజులు నింపినప్పుడు. అప్పటిదాకా బండి చెడిపోతే వచ్చే ఇద్దరు ట్రాలీ డ్రైవర్ల నంబర్లు దగ్గర పెట్టుకోండి. మీ హమాలీలకు గ్లోవ్స్, గట్టి బూట్లు మొదటి నెల లాభంలోంచే కొనండి. పాత చెక్క బల్లల్లో తుప్పు మేకులు ఎక్కువ.